సెంటు బుడ్డిలో గావా

మా అనంతపురం, కదిరి వైపు పెళ్లికి ఎప్పుడైనా పోయినారా మీరు? పందిట్లో ఎవరో ఒకరు పక్కనుంచి నడిచిపోతారు. వాళ్లు పోయి ఎంతోసేపైనా వాసన మాత్రం అక్కడే ఉంటుంది. తియ్యగా, మత్తుగా, కాస్త ఘాటుగా ఉంటుంది. బట్టకు పట్టిందంటే ఉతికినా ఒక పట్టాన వదలదు. ఏ దేశంలో తయారైనా సరే, ఇక్కడ దాన్ని "కువైట్ సెంటు" అనే అంటారు. కదిరి, తనకల్లు, గాండ్లపెంట, తలుపుల, ఆ పక్క రాయచోటి... ఈ చుట్టుపక్కల చాలా ఇళ్లలో బీరువా పై అరలో, పట్టుచీరల పక్కన, బరువైన గాజు బుడ్డి ఒకటి ఉంటుంది. బంగారు రంగు మూత, అరబ్బీ రాతలు. సెలవుకు ఊరొచ్చిన మనిషి కంబళి, పాలపొడి డబ్బా, ఖర్జూరాలతో పాటు తెచ్చిన బుడ్డి అది. పండగలకూ పెళ్లిళ్లకూ తప్ప బయటికి తియ్యరు.

ఈ మధ్య ఆ బుడ్లలోకి కాఫీ వాసన వచ్చి చేరింది. ఈ పూట కబుర్లు దాని గురించే.

ఎమిరేట్స్‌లో లతాఫా అనే సెంట్ల కంపెనీ ఉంది. 2022లో ఖమ్రా అని ఒకటి తెచ్చింది. మరుసటి ఏడే ఖమ్రా ఖహ్వా అని రెండోది దింపింది. అరబ్బుల కాఫీని ఖహ్వా అంటారు. గల్ఫ్‌లో పనిచేసొచ్చిన మనవాళ్ల నోట్లో అది గావా. నేనూ ఆ మాటే వాడతాను. ఈ సెంటు పైకి కొట్టగానే వచ్చేవి దాల్చిన చెక్క, యాలకులు, అల్లం. కాసేపాగితే చక్కెర పాకంలో వేయించిన బాదం మిఠాయి, పాకం పట్టిన పండ్లు, తెల్లపూలు. అన్నీ పోయాక ఒంటి మీద మిగిలేవి వెనీలా, కాఫీ, టోంకా గింజ, సాంబ్రాణి జాతి బంక, కస్తూరి. కంపెనీ చెప్పే జాబితా ఇది.

సెంటులో కాఫీ పెట్టడం వీళ్లతోనే మొదలు కాలేదు. ఫ్రాన్సులో థియెర్రీ ముగ్లేర్ పేరుతో 1996లో వచ్చిన ఏ మెన్‌లో కాఫీ ఉంది. 2014లో ఈవ్ సాంలారాన్ బ్లాక్ ఓపియం వచ్చాక ఆడవాళ్ల సెంట్లలో కాఫీ మామూలైపోయింది. అయితే అవి యూరప్ హోటళ్లలో తాగే నల్ల కాఫీని తలచుకుని చేసినవి. మసాలా వేసి కాచిన అరబ్బు గావాను తలచుకుని, ఆ పేరే పెట్టి, అరబ్బు దేశంలోనే తయారైన సెంటు కావడం వల్ల ఖమ్రా ఖహ్వా మీద నాకు ఆసక్తి పుట్టింది. ఇంకో కారణం కూడా ఉంది. గావా ఎట్లా ఉంటుందో పుస్తకంలో చదివి తెలుసుకునేవాళ్లు ప్రపంచమంతా ఉంటారు. ఆ గావాను ఏళ్ల తరబడి తమ చేత్తో కాచి పోసినవాళ్లు మాత్రం మా కదిరి పల్లెల్లో ఉన్నారు. ఈ సెంటు బాగుందా లేదా అని తీర్పు చెప్పే హక్కు ముందు వాళ్లదని నా గట్టి నమ్మకం.

అసలు గావా అంటే ఏమిటో చెప్పుకుందాం. మన ఫిల్టర్ కాఫీ తాగిన నోటికి అది కాఫీ అనిపించదు. గింజల్ని నల్లగా వేయించరు. లేత బంగారు రంగు వచ్చిందో లేదో దించేస్తారు. బరకగా దంచి, నీళ్లలో వేసి, నిదానంగా మరిగిస్తారు. పొడి అడుక్కు దిగాక యాలకుల పొడి వేస్తారు. ఇంటిని బట్టి కుంకుమపువ్వు, లవంగాలు పడతాయి. పాలుండవు, చక్కెరుండదు. ముక్కు కొంకి తిరిగిన దల్లా అనే కూజాలోకి వంచి, పిడి లేని చిన్న గిన్నెల్లో పోస్తారు. ఆ గిన్నె పేరు ఫింజాన్. దల్లా ఎడమ చేత్తో పట్టుకోవాలి, ఫింజాన్ కుడి చేత్తో అందించాలి. నిండా పోస్తే మర్యాద తప్పినట్టు. అడుగున కాస్త పోసి, తాగాక మళ్లీ పోస్తారు. చాలనుకున్న అతిథి గిన్నెను అటూ ఇటూ ఆడించి వెనక్కిస్తాడు. ఆడించకపోతే పోస్తూనే ఉండాలి. పక్కన ఖర్జూరాలు. ఆ చేదుకు ఈ తీపి.

2015లో సౌదీ, ఎమిరేట్స్, ఒమన్, ఖతర్ కలిసి అడిగితే యునెస్కో ఈ గావా మర్యాదను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. దాతృత్వానికి గుర్తు అని రాసుకున్నారు. సౌదీ వాళ్లయితే 2022ను సౌదీ కాఫీ సంవత్సరంగా జరుపుకున్నారు. మంచిదే. ఎవరి మర్యాద వాళ్లకు గొప్ప. అయితే ఆ మర్యాద వెనక వంటింట్లో నిలబడిన మనిషి సంగతి కూడా ఎక్కడో ఒకచోట రాసుకోవాలి కదా.

కువైట్‌లో పెద్ద ఇళ్లకు దీవానియా అని మగవాళ్లు కూర్చునే గది ఉంటుంది. సాయంత్రమైతే బంధువులు, స్నేహితులు వస్తారు. రాజకీయాలు, వ్యాపారాలు, పెళ్లి మాటలు అన్నీ అక్కడే. వచ్చిన ప్రతి మనిషికీ గావా పోయాలి. ఒకరు లేస్తే ఒకరొస్తారు. అన్ని దల్లాలు నింపే పని చాలా ఇళ్లలో పనిమనిషిది. ఖద్దామా అంటారు. ఆ ఖద్దామాల్లో మన తెలుగు ఆడవాళ్లు వేలమంది. కడప, అన్నమయ్య, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న కదిరి ప్రాంతం... ఇక్కడి నుంచే ఎక్కువగా పోయినారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టక ముందు కదిరి అనంతపురం జిల్లాలోదే కాబట్టి, మాకు అది ఇప్పటికీ మా ఊరే.

ఎందుకు పోయినారని అడిగితే జవాబు ఆకాశంలో ఉంది. ఈ మాట కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే యాలక్కాయ కథ కూడా ఇక్కడే ముడిపడి ఉంది.

జూన్‌లో అరేబియా సముద్రం మీద నుంచి నైరుతి గాలి బయల్దేరుతుంది. నీళ్లు నింపుకుని వచ్చి పడమటి కనుమలకు కొట్టుకుంటుంది. కొండ ఎక్కాలంటే బరువు దించుకోవాలి. అక్కడే కురిసేస్తుంది. కనుమల మీదున్న ఆగుంబేలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఆ కొండల వాలుల్లోనే, చిక్కమగళూరు, కొడగు, సకలేశపురం పక్కల, చెట్ల నీడన కాఫీ కాస్తుంది, యాలకులు కాస్తాయి. యాలకుల మొక్కకు నేల ఎప్పుడూ తడిగా ఉండాలి, గాలిలో చెమ్మ ఉండాలి, ఎండ నేరుగా తగలకూడదు. అక్కడ అన్నీ దక్కుతాయి. ఆ కొండ దాటి తూర్పుకొచ్చిన గాలి మా దగ్గరికి చేరేసరికి వట్టి గాలి. మట్టి ఎగరేసుకుంటూ పోతుంది, అంతే. కార్తీకంలో వచ్చే ఈశాన్య వానలు సముద్రానికి దగ్గరున్న నెల్లూరుకు చేసినంత మేలు మాకు చెయ్యవు. అందుకే అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ కాలం సరిగ్గా ఉంటే. దేశంలో వాన బాగా తక్కువ పడే చోట్లలో మాదొకటి అని మా బడి పుస్తకాల కాలం నుంచీ వింటున్నాం.

ఇప్పుడు చూడండి. మాకు రావలసిన వానను కొండ మీద తాగేసిన మొక్కల్లో యాలక్కాయ ఒకటి. వాన రాక, శెనక్కాయ పంట ఎండిపోయి, బోరు వెయ్యి అడుగులు పోయినా నీళ్లు పడక, అప్పు మీద అప్పు పెరిగి, ఇంటి ఆడమనిషి విమానం ఎక్కింది. ఎక్కి పోయి, ఎడారిలో ఒక వంటింట్లో నిలబడి, ఆ యాలకులే దంచి గావాలో వేసింది. మలబారు యాలకులు అరబ్బు దేశాలకు ఓడల్లో పోతుండడం శతాబ్దాల నాటి మాట. ఇప్పుడు ఎగుమతిలో గ్వాటెమాలా మన దేశాన్ని దాటిపోయింది, కాబట్టి ఆమె దంచిన ప్రతి కాయా మన కొండదని నేననను. అయినా ఆ మొక్క పుట్టిల్లు ఆ కనుమలే. ఈ లెక్క తెలిసినప్పటి నుంచి పాయసంలో యాలక్కాయ తగిలినా నాకు మా వాన గుర్తొస్తుంది.

కాఫీ గింజకూ ఇట్లాంటి తోవే ఉంది, కాకపోతే తిరుగు తోవ. 15వ శతాబ్దంలో యెమెన్‌లో సూఫీలు రాత్రి జాగరణ చేసి దేవుణ్ణి తలచుకునేటప్పుడు నిద్ర రాకుండా కాఫీ తాగేవాళ్లు. హజ్ చేసి వస్తూ బాబా బుడన్ అనే సూఫీ, మోఖా రేవు నుంచి 7 గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. 17వ శతాబ్దం కథ అది. ఆ కొండలకు ఇవాళ బాబా బుడన్ గిరి అని పేరు. కాఫీ అరబ్బు వైపు నుంచి మన కొండకొచ్చింది, యాలకులు మన కొండ నుంచి అరబ్బు కూజాలోకి పోయాయి. రెండూ మళ్లీ కలిసింది ఎవరి చేతిలో? కరువు నేల నుంచి పోయిన ఆడమనిషి చేతిలో.

పోవడం అంత సులువు కాదు. ఇంటిపనికి గల్ఫ్ పోయే ఆడమనిషికి 30 ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వ నియమం. ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలని కూడా తర్వాత నియమం పెట్టారు. ఈ రెండూ తప్పించి, ఏజెంట్ల మాట నమ్మి, విజిట్ వీసా మీద పోయినవాళ్లు ఎంతోమంది. అక్కడ కఫీల్, అంటే పనికి పెట్టుకున్న యజమాని దగ్గర పాస్‌పోర్టు, చేతిలో అఖామా అనే నివాస అనుమతి లేదు, పోలీసులకు చిక్కితే జైలు. అట్లా కాగితాల్లేకుండా బతికేవాళ్లను గల్ఫ్ తెలుగులో కల్లివెల్లి అంటారు. 2015లో కువైట్ ఇంటిపనివాళ్ల కోసం చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతపు సెలవు. కాగితం మీద ఉన్నది వంటింటి దాకా రావడానికి ఎంత కాలం పడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మంచి ఇల్లు దొరికిన వాళ్లు ఇల్లు కట్టుకున్నారు, కూతుళ్ల పెళ్లిళ్లు చేశారు. దొరకని వాళ్లు ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. ఇంకొందరు పెట్టెల్లో వచ్చారు. ఇంతకన్నా నేను చెప్పలేను.

సెంటు దగ్గరికే వద్దాం. ఒకరి దగ్గర ఖమ్రా ఖహ్వా బుడ్డి దొరికితే, దాన్ని పట్టుకుని కదిరి దగ్గర మాకు తెలిసిన ఒక అక్క ఇంటికి పోయాను. కువైట్‌లో ఒకే ఇంట్లో చాలా ఏళ్లు చేసి, మోకాళ్లు పట్టేసి, తిరిగొచ్చిన మనిషి. చేతి మీద కొడదామని మూత తీశాను.

"చేతికొద్దుప్పా, నా చేతులు ఉల్లిగడ్డ కంపు. గుడ్డకు కొట్టు," అనింది.

ఉతికిన తువాలు కొసకు కొట్టాను. వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోలేదు. రెండుసార్లు గాలిలో విదిలించింది, సారాయి వాసన పోనీ అని. తర్వాత దగ్గరికి తీసుకుంది.

"యాలక్కాయ ఉంది. చెక్క ఉంది. శొంఠి మాదిరి ఏందో ఉంది," అని ఆగింది. ఇంకోసారి పీల్చింది. "కాఫీ మాడ్చినారు ఈళ్లు. గావా ఇట్ల నల్లగ ఉండదు. మా మామా చూసుంటే పారబొయ్‌మనేది." మామా అంటే కువైట్ ఇంటి యజమానురాలు. "దీంట్లో ఇంత తీపి యాడిది? గావాలో చక్కెర ఎవురేస్తారు? ఖర్జూరం పక్కన పెడతారు గానీ. కుంకుమపువ్వు లేనే లేదు."

కంపెనీ జాబితా నా ఫోన్‌లో ఉంది. నిజమే, అందులో కుంకుమపువ్వు లేదు. నేను ఆమెకు జాబితా చదివి వినిపించనే లేదు. కాఫీ మాడిందన్న మాట కూడా ఎంత సరైనదో, ఇంటికొచ్చి చదువుకున్నాక ఇంకా బాగా తెలిసింది.

పచ్చి కాఫీ గింజకు మనం కాఫీ అనుకునే వాసన ఉండదు. గడ్డిలాగా, బఠానీలాగా ఉంటుంది. వేయించినప్పుడు గింజలోని చక్కెరలూ ప్రోటీన్ల ముక్కలూ వేడికి ఒకదానితో ఒకటి కలిసి వందల కొత్త వాసనలు పుడతాయి. ఆ చర్యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ 1912లో వివరించాడు, అందుకే దానికి ఆయన పేరే. వేయించిన కాఫీలో గాలిలోకి లేచే పదార్థాలు 800కు పైగా లెక్కతేలాయి. వాటిలో కాఫీకి కాఫీతనం ఇచ్చే ముఖ్యమైనది గంధకం ఉన్న ఫర్‌ఫ్యూరిల్ థయాల్. 1926లో రైఖ్‌స్టయిన్, స్టౌడింగర్ అనే ఇద్దరు దాన్ని పట్టుకున్నారు. కాఫీ వాసనను చేత్తో తయారుచేద్దామని మొదలుపెట్టిన పని అది. తర్వాత ఇద్దరికీ వేరువేరు పనులకు నోబెల్ వచ్చింది, ఒకరికి 1950లో, ఒకరికి 1953లో. ఆ పదార్థం గింజ ఎంత ముదురుగా వేగితే అంత ఎక్కువ పుడుతుంది. లేతగా వేయించే గావాలో అది కొంచెమే. అందుకే గావాలో నల్ల కాఫీ వాసన వెనక్కు తగ్గి, యాలకులు ముందుకొస్తాయి. సెంటులో ముదురు కాఫీ పెడితే కాచినవాళ్ల ముక్కు ఇట్టే పట్టేస్తుంది.

సెంటు చేసేవాళ్ల కష్టం కూడా చెప్పాలి. ఆ థయాల్ నిలవ ఉండదు, గాలి తగిలితే మారిపోతుంది. పొద్దున కాచిన కాఫీ మధ్యాహ్నానికి వేరే వాసన వేస్తుంది, చూస్తుంటాం కదా. పైగా మోతాదు ఎక్కువైతే కంపు. కాబట్టి బుడ్డిలో ఉండేది కాఫీ గింజల నుంచి తీసిన సారమూ, కాఫీని తలపించే మరికొన్ని వాసనలూ కలిపి కట్టిన బొమ్మ. దాన్ని నిలబెట్టడానికి వెనీలా, టోంకా లాంటి బరువైన తీపి వాసనలు కింద వేస్తారు. ఈ తీపి వల్లే లోకమంతా ఇష్టపడుతోంది, అమ్ముడుపోయేది కూడా దానివల్లే. చక్కెర లేని సెంటు చేసి ఉంటే ఇంతమంది కొనేవాళ్లు కాదేమో. అయినా నాకు మాత్రం చేదుగా, పలుచగా, యాలకులు ముందు నడిచే సెంటు ఎవరైనా చేస్తే చూడాలని ఉంది.

వేయించిన కాఫీలో ఇంకో గుంపు పదార్థాలున్నాయి, పైరజీన్లు అంటారు. మయ్యార్ చర్యలోనే పుడతాయి. అవే వేయించిన శెనక్కాయల్లోనూ ఉంటాయి! ఇది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కొత్తగా పీకిన శెనక్కాయల్ని బాణలిలో ఇసుక పోసి వేయించే వాసన మా ఊళ్లలో పుట్టిన ఏ బిడ్డకు తెలియదు? వేరుశెనగకు పేరైన నేల, కదిరి పరిశోధన కేంద్రంలో పుట్టిన కదిరి-6 రకం దేశంలో చాలాచోట్లకు పోయిన నేల ఇది. కాఫీ తోటను ఎన్నడూ చూడని మా ఆడవాళ్లు కువైట్ వంటింట్లో గింజ ఎప్పుడు దించాలో అంత తొందరగా ఎట్లా నేర్చుకున్నారంటే, ఆ వాసనలో సగం వాళ్ల ముక్కుకు ముందే పాఠమై ఉంది. పప్పు రంగు తిరగకముందే వాసన తిరుగుతుందని మా అవ్వలు చెప్పేవాళ్లు. ఆ అక్కను అడిగితే అదే చెప్పింది: "గింజ చూస్తా నిలబడితే మాడుతుంది. వాసన చూస్తా నిలబడాల."

ఇంకో మాట కూడా చెప్పింది. "ఈ వాసన వస్తే నాకు కాళ్లనొప్పులు యాదికొస్తాయి. రంజాన్ నెలంతా తెల్లారుజాము దాకా పోస్తానే ఉండాల." కాసేపటికి, "ముసలి మామా మాత్రం నేను కాచిన గావా తప్ప ఇంగెవురిదీ ముట్టేది కాదు," అని కూడా అనింది. రెండు మాటలూ ఒకే గొంతుతో, ఒకదానికొకటి అడ్డం రాకుండా చెప్పింది. తువాలు మడిచి దిండు కింద పెట్టుకుంది. సెంటు నచ్చలేదంటూనే.

వాసనకూ జ్ఞాపకానికీ మెదడులో దారి దగ్గర. కన్నూ చెవీ పంపే కబుర్లు మధ్యలో ఒక మజిలీలో ఆగి వెళ్తాయి. ముక్కు కబురు మాత్రం భయం, ప్రేమ, గుర్తు ఉండే గదుల్లోకి నేరుగా పోతుంది. అందుకే ఒక మనిషికి విందు అయిన వాసన ఇంకో మనిషికి చాకిరీ అవుతుంది. సెంటు పెట్టె మీద ఈ రెండోది రాయరు.

మా నేలకు సెంటు కొత్త కాదని కూడా చెప్పాలి, లేకపోతే కువైట్ విమానాలే మాకు సువాసన నేర్పాయనుకుంటారు. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు గంధం ఊరేగింపు వస్తుంటే వీధంతా గుబాళిస్తుంది. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండగకు హిందువులూ ముస్లిములూ కలిసి పోతారు. ఊదు పొగ, చక్కెర చదివింపులు, మనుషుల చెమట, ఎర్రమట్టి దుమ్ము అన్నీ కలిసి ఒకే గాలి. అత్తరు అమ్మే సాయిబు దూది పుల్లకు రెండు చుక్కలంటించి చెవి మడతలో పెడితే, ఆ రోజంతా మనిషి నడకే మారేది. పాత పద్ధతి అత్తరుకు అడుగున ఉండేది గంధపు నూనె, సారాయి కాదు. మా ఎండకు అదే సరైనది. వేసవిలో 42 డిగ్రీల వేడిలో, చెమ్మ లేని గాలిలో, సారాయి కలిపిన సెంటు పైపొర తొందరగా ఎగిరిపోతుంది. యాలకులు, అల్లం లాంటి తేలిక వాసనలు పోయి కింది తీపి ఒక్కటే మిగిలి తల పట్టేస్తుంది. కాబట్టి మీకెవరైనా ఈ బుడ్డి ఇస్తే ఎండాకాలం పగటిపూట కొట్టుకోవద్దు. మార్గశిరం, పుష్యంలో, మా పీఠభూమి మీద రాత్రులు చల్లబడ్డాక, బట్ట మీద ఒక్కసారి కొట్టండి. అప్పుడు యాలకులు నిలబడతాయి.

కాఫీకీ సెంటుకూ ఇంకో ముడి కూడా ఉంది. షాపులో సెంటు చూసేటప్పుడు ముక్కు తేలిక పడాలని గిన్నెలో కాఫీ గింజలు పెట్టి వాసన చూడమంటారు. 2011లో అమెరికాలో పరీక్ష పెట్టి చూస్తే, ఉత్త గాలి పీల్చినవాళ్లకన్నా కాఫీ గింజలు వాసన చూసినవాళ్ల ముక్కు ఏమీ ఎక్కువ తేరుకోలేదు. బయటికొచ్చి రెండుసార్లు ఊపిరి పీల్చుకోండి, చాలు.

ఇక తెల్లపూలు. సెంటు మధ్యపొరలో తెల్లపూలున్నాయన్నాను కదా. ఆ అక్క వాటిని గుర్తుపట్టి కూడా మాట్లాడలేదు. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. కదిరి మల్లెల గురించి విన్నారు కదా? సాయంత్రం కదిరి బస్టాండులో దిగితే మూరలు మూరలు అమ్ముతుంటారు. ఆ పూలను జడలో పెట్టుకున్న మనిషికి బుడ్డిలో తెల్లపూలు ఏం ఆనతాయి? కువైట్‌లో ఏం గుర్తొచ్చేది అని అడిగితే మల్లెపూలు అని చెప్పలేదు. వాన పడిన నేల వాసన అనింది. ఆ వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇద్దరు పెట్రికోర్ అని పేరు పెట్టారు. నేల ఎంతకాలం ఎండితే, తొలి చినుక్కు అంత గట్టిగా లేస్తుందది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో మట్టి అత్తరు చేస్తారు. కాల్చిన మట్టిపెంకుల్ని రాగి డేగిశాలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టడం ఆ పని. దేశంలో ఎక్కువగా ఎండిన నేలల్లో మాదొకటి. మట్టి అత్తరు మా ఎర్రనేలతో చేస్తే ఎట్లుంటుందో అని నాకొక ఆశ. అందులో శెనక్కాయ వేపుడు వాసన కొద్దిగా, చీనీ (బత్తాయి) తొక్క గిల్లిన పదును కొద్దిగా, యాలక్కాయ ఒకటి. ఆ సెంటుకు సరైన పాళ్లు చెప్పగలిగిన ముక్కులు కువైట్ నుంచి తిరిగొచ్చి మా పల్లెల్లో గుమ్మాల ముందు కూర్చుని ఉన్నాయి. ఇప్పటిదాకా వాళ్లను ఆ మాట అడిగిన వాళ్లు లేరు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి గావా కాచుకోవాలంటే, ఆ అక్క చెప్పినట్టు రాస్తాను. కాఫీ గింజలు పచ్చివి దొరికితే మేలు. మందపాటి బాణలిలో సన్న సెగ మీద కలుపుతూ, లేత తేనె రంగు రాగానే పళ్లెంలో పోసి ఆరబెట్టాలి. బాణలిలోనే వదిలేస్తే ఆ వేడికే ముదిరిపోతాయి. రవ్వలా దంచాలి, మెత్తగా కాదు. మూడు గ్లాసుల నీళ్లు మరిగాక మూడు చెంచాల పొడి వేసి, సెగ తగ్గించి, పావుగంట ఉంచాలి. దించి, పొడి అడుక్కు పోయే దాకా ఆగాలి. వేరే గిన్నెలో అప్పుడే దంచిన యాలకుల పొడి ఒక చెంచా, కుంకుమపువ్వు నాలుగు రేకులు వేసి, ఆ తేటను దాని మీదికి వంచాలి. "యాలకులు ముందే వేసి ఉడకబెట్టేవాళ్లకు గావా రాదు," అనింది. యాలకుల ఘాటు ఆవిరితో పాటే లేచిపోతుంది కాబట్టి ఆ మాటలో శాస్త్రముంది. ఖర్జూరం పక్కన పెట్టుకోండి. చక్కెర వద్దు.

అయితే కువైట్‌లోనే వేరే ఇంట్లో చేసొచ్చిన ఇంకో ఆమె, యాలకులు సగం ముందు, సగం చివర వేస్తామని చెప్పింది. లవంగం వెయ్యాలా వద్దా అన్నదాని మీద ఇద్దరికీ పడలేదు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో గల్ఫ్ వంటిల్లు చూసొచ్చిన అక్కో పిన్నమ్మో ఉంటే అడిగి చూడండి. గింజ ఏ రంగులో దించేవాళ్లు, యాలకులు ఎప్పుడు వేసేవాళ్లు, దల్లా ముక్కులో ఖర్జూర పీచు పెట్టేవాళ్లా, కుంకుమపువ్వు యజమానురాలు తానే వేసేదా, వీళ్ల చేతికిచ్చేదా. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. సెంటు బుడ్డి దొరికితే అది కూడా చూపించి, ఏమన్నారో రాయండి.